పుట్టిన బిడ్డకు ఊపిరి పోసే పనిని చెయ్యి మర్చిపోకుండ: జూనియర్ డాక్టర్లతోని వార్డులనే సిమ్యులేషన్ ఎట్ల చేయించాలె

ఎన్‌ఆర్‌పీ (పుట్టిన బిడ్డకు ఊపిరి పోసుడు నేర్పే కోర్స్) వర్క్‌షాప్ అయిన తెల్లారి ఏ హౌస్ సర్జన్‌ని అడిగినా గోల్డెన్ మినిట్ (పుట్టినంక మొదటి 60 సెకండ్లు) అంటే ఏంది, మాస్క్ ఎట్ల పట్టాలె, నిమిషానికి ఎన్ని బ్రెత్‌లు ఇయ్యాలె అన్నీ టకటక చెప్తరు, బొమ్మ మీద చేసి చూపిస్తరు కూడా. అదే మనిషికి కొన్ని నెలలు పోయినంక రాత్రి డ్యూటీల గాలి ఇచ్చే బ్యాగ్ చేతికిస్తే, స్టెప్పులు నోటితోని కరెక్ట్‌గనే చెప్తరు కానీ మాస్క్ పక్క నుంచి గాలి బుస్సుమని పోతనే ఉంటది, ఛాతీ లేవదు. చదివింది చాన రోజులు గుర్తుంటది, చేతికొచ్చిన పని మాత్రం కొన్ని నెలల్లనే జారిపోతది, వాడకుండ పెట్టిన బోరు మోటర్ జాం అయినట్టు. దీని మీద ఎన్నో దేశాలల్ల స్టడీలు జరిగినయ్, అన్నిట్ల తేలింది దగ్గర దగ్గర ఇదే, కోర్స్ అయిపోయిన కొన్ని నెలలకే స్కిల్ పడిపోతది, మళ్ల మళ్ల కొద్దికొద్దిగ ప్రాక్టీస్ చేస్తేనే నిలబడ్తది. కాబట్టి రెండేండ్లకొకసారి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోతది అనే నమ్మకాన్ని ముందు పక్కన పెట్టాలె.

ఇది నేను రాస్తున్నది మన నల్గొండ, పాలమూరు దిక్కు సర్కార్ దవాఖానాలల్ల పనిచేసే పీడియాట్రిషన్లు, ఎస్‌ఆర్‌లు (సీనియర్ రెసిడెంట్లు), సీనియర్ పీజీల కోసం, అంటే కింది వాళ్లకు నేర్పే బాధ్యత ఎవరి మీద ఉందో వాళ్ల కోసం. సిమ్యులేషన్ అంటే బొమ్మ మీద నిజం కేస్ లెక్క చేసే ప్రాక్టీస్, దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, వారానికి పావుగంట, ఒక బొమ్మ, ఒక పాత బ్యాగ్, ఇంకా పట్టు విడువని ఒక మనిషి ఉంటే చాలు.

అసలు సిమ్యులేషన్ ఎందుకు, రోజూ డెలివరీలు అయితనే ఉన్నయ్ కదా, అట్లనే నేర్చుకుంటరు అని చాలామంది అంటరు. లెక్క ఒకసారి చూడండి. 100 మంది పిల్లలు పుడితే దగ్గర దగ్గర 85 మంది వాళ్లంతట వాళ్లే ఊపిరి తీస్కుంటరు, ఇంకో 10 మందికి తుడిచి వీపు రుద్దితే చాలు, ఒక 5 మందికి బ్యాగ్ మాస్క్ పెట్టాల్సి వస్తది, ఛాతీ నొక్కేదాకా పోయేది వెయ్యి మందిల ఒకరి నుంచి ముగ్గురు. ఇగ ఆ 5 మందిల కూడా బిడ్డ మెత్తగ పడిపోయి పుట్టిందంటే బ్యాగ్ ఎవరి చేతిల ఉంటది? సీనియర్ చేతిల. ఉండాలె కూడా, బిడ్డ ప్రాణం నేర్చుకునే జాగ కాదు. జూనియర్ పక్కన నిలబడి చూస్తడు, పోస్టింగ్ అయిపోతది, పోతడు. తర్వాత అదే పిల్లగాడు మెడికల్ ఆఫీసర్ అయి దేవరకొండకో అచ్చంపేటకో కల్వకుర్తికో పోయినప్పుడు, అర్ధరాత్రి తండా నుంచో నల్లమలల చెంచుల పెంట (గూడెం) నుంచో 108ల ఒక తల్లి వస్తది, లేబర్ రూంల ఆయన, ఒక సిస్టర్, ఒక ఆయమ్మ ఉంటరు అంతే. పిల్లల పెద్ద దవాఖాన నిలోఫర్‌కు రెఫర్ చేద్దామంటే నల్గొండ నుంచి కానీ మహబూబ్‌నగర్ నుంచి కానీ హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు, అచ్చంపేట నుంచి ఇంకా ఎక్కువ. బిడ్డ దగ్గర ఉన్నది 60 సెకండ్లు. ఆ 60 సెకండ్ల కోసమే ఇదంతా.

ముందు ఏమేం జమ చేసుకోవాలె

బొమ్మ కావాలె. లేర్డల్ వాళ్ల నియోనటాలీ లాంటి బొమ్మ అయితే మన పనికి బాగ సరిపోతది, నీళ్లు నింపితే పసిబిడ్డ బరువు వస్తది, చేతిల ఉన్న చిన్న బల్బు నొక్కితే బొడ్డుతాడు కొట్టుకుంటది, ఇంకోటి నొక్కితే ఊపిరి తీస్కున్నట్టు ఛాతీ లేస్తది. ఎన్‌ఎస్‌ఎస్‌కే (నవజాత శిశు సురక్షా కార్యక్రమం) ట్రైనింగ్‌లు 2009 నుంచి నడుస్తున్నయ్ కాబట్టి చాలా జిల్లాలల్ల ఇట్లాంటి బొమ్మలు ఎక్కడో ఒక స్టోర్ రూం బీరువల తాళం వేసి ఉంటయ్, కొత్తది ఇండెంట్ పెట్టే ముందు అవి వెతకండి. మెడికల్ కాలేజీ ఉన్న దగ్గర స్కిల్స్ ల్యాబ్ ఉంటది, ఆ ల్యాబ్ బొమ్మనే వారానికి ఒక్కరోజు వార్డుకు తెచ్చుకునేటట్టు ఇన్‌ఛార్జ్‌తోని మాట్లాడుకుంటే పని అయిపోతది. మాస్క్ వెంటిలేషన్‌కు మాత్రం ఛాతీ లేసే బొమ్మనే ఉండాలె, ఆడుకునే ప్లాస్టిక్ బొమ్మ మీద చేస్తే తప్పు పద్ధతే అలవాటు అయితది, ఎందుకంటే గాలి లోపలికి పోయిందో లేదో అది చెప్పదు.

నవజాత శిశువుల సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ బ్యాగ్ ఒకటి, 0 సైజు, 1 సైజు మాస్కులు, సక్షన్ కాథెటర్, ఒక లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే పరికరం) 0, 1 బ్లేడ్లతోని, 2.5, 3, 3.5 ట్యూబులు, ఎండిన తువ్వాళ్లు నాలుగు, భుజాల కింద పెట్టే చిన్న బట్ట మడత, గోడ గడియారం. ఫోన్‌ల మెట్రోనోమ్ యాప్ ఒకటి వేసుకోండి, గుండె చప్పుడు 50 అని పెట్టాలన్నా 120 అని పెట్టాలన్నా ఒక్క వేలితో మార్చొచ్చు, స్పీకర్ల టిక్ టిక్ వినపడ్తుంటే వాళ్లు 6 సెకండ్లు లెక్కపెట్టి పదితోని గుణించడం నిజంగనే చెయ్యాల్సి వస్తది.

ఇక్కడ ఒక్కటి గట్టిగ చెప్పాలె. ట్రైనింగ్ సామాను మీద ఎర్ర టేప్ చుట్టి ట్రైనింగ్‌కు మాత్రమే అని రాసి వేరే డబ్బల పెట్టండి. పగిలిన వాల్వ్ ఉన్న పాత బ్యాగ్‌ని ప్రాక్టీస్‌కు వాడుకొని అది పొరపాటున వార్మర్ (బిడ్డను వెచ్చగ ఉంచే బల్ల) మీదికి చేరితే ఏమైతదో ఊహించుకోండి. మందులైతే ఇంకా జాగ్రత్త, ప్రాక్టీస్ కోసం నీళ్లు నింపిన సిరంజి ఎమర్జెన్సీ ట్రేల మిగిలిపోవద్దు, సెషన్ అయిపోయినంక ఒక మనిషి పేరు పెట్టి ఆ సిరంజిలు అన్నీ లెక్కపెట్టి పారేయించాలె. అట్లనే అసలు న్యూబార్న్ కార్నర్ల ఉన్న సామాను ప్రాక్టీస్‌ల వాడితే, అక్కడి నుంచి కదిలేముందే తిరిగి పెట్టేయాలె.

ఎక్కడ, ఎప్పుడు

క్లాస్ రూంల వద్దు. లేబర్ రూంల ఖాళీగ ఉన్న వార్మర్ దగ్గర, లేకపోతే ఓటీల సిజేరియన్లు మొదలు కాకముందు పొద్దున. అసలు జాగల చేస్తే ఏం దొరుకుతదంటే, అక్కడి లోపాలు బయటపడ్తయ్. సక్షన్ ట్యూబ్ వార్మర్ దాకా అందదు, వార్మర్ ప్లగ్ వదులుగ ఉంది, 0 సైజు మాస్క్ లేదు, ఆక్సిజన్ సిలిండర్ తిప్పే కీ ఎక్కడుందో డాక్టర్లకు ఒక్కరికి కూడా తెల్వదు, ఆయమ్మకు తెలుసు, ఆమె దాన్ని బ్యాండేజీ గుడ్డతోని కిటికీ ఊచకు కట్టి పెట్టి ఉంటది. కరెంట్ పోయి జనరేటర్ అందుకునేదాక మధ్యల ఆ కొద్దిసేపు ఏం చేస్తరు, టార్చ్ ఎక్కడుంది, ఇవన్నీ ల్యాబ్‌ల ఎప్పటికీ తెల్వయ్.

టైం విషయంల నా అభిప్రాయం గట్టిది, నెలకొక్కసారి మూడు గంటల క్లాస్ కన్నా వారానికి ఒక్కసారి పదిహేను నిమిషాలు వెయ్యి రెట్లు మేలు. పొద్దున హ్యాండోవర్ అయిపోగానే, రౌండ్స్ మొదలయ్యే ముందు, నైట్ టీం, డే టీం ఇద్దరూ ఉండే టైం అది. వారం వారం ఒక్క చిన్న స్కిల్, నెలకొక్కసారి పూర్తి కేస్ సినారియో, అప్పుడప్పుడు నైట్ డ్యూటీల చెప్పకుండ ఒక డ్రిల్. లేబర్ రూం నిండుగ ఉన్న రోజు, ఎస్‌ఎన్‌సీయూల (జబ్బు పడ్డ పసిపిల్లల వార్డుల) బిడ్డ సీరియస్‌గ ఉన్న రోజు ఆపేయండి, ఇంకో రోజు చెయ్యొచ్చు. నిజమైన తల్లులు పక్కన బెడ్ల మీద ఉంటే వాళ్లకు ముందే చెప్పాలె, అమ్మా ఇది బొమ్మతోని ట్రైనింగ్, భయపడకండి అని, లేకపోతే బిడ్డకు ఏదో అయిందని వాళ్లు ఏడుస్తరు.

డాక్టర్లను ఒక్కరినే పిలిస్తే సగం పనే అయితది. స్టాఫ్ నర్స్ తప్పకుండ ఉండాలె, చాలాసార్లు మొదటి బ్రెత్ ఇచ్చేది సిస్టరే. గైనిక్ పీజీ ఉండాలె, సిజేరియన్‌ల బొడ్డుతాడు ఎప్పుడు కట్ చేస్తరో చెప్పేది వాళ్లు. ఆయమ్మను కూడా నిలబెట్టండి, సిలిండర్ మార్చేది, తువ్వాలు అందించేది, పరిగెత్తి సార్‌ని పిలిచేది ఆమెనే.

మాస్క్ వెంటిలేషన్: ఎక్కువ టైం దీని మీదనే పెట్టాలె

మీకు ఏడాదిల పది సెషన్లే కుదుర్తయ్ అనుకుంటే ఆరు మాస్క్ మీదనే పెట్టండి అంటా. పిల్లలు బతికేది ఇంట్యుబేషన్‌తోని (ఊపిరి గొట్టంల ట్యూబ్ వేసుడుతోని), అడ్రినలిన్‌తోని అని జూనియర్లకు లోపల ఒక ఆకర్షణ ఉంటది, లారింగోస్కోప్ పట్టుకోవాలని చాన ఉత్సాహం. పుట్టిన బిడ్డ గుండె తగ్గిందంటే దాదాపు ఎప్పుడైనా ఊపిరితిత్తులకు గాలి పోక తగ్గుతది, గాలి మంచిగ పోతే గుండె తనే లేస్తది. ఈ ఒక్క మాట వాళ్ల చేతులకు ఎక్కాలె.

చేయించేటప్పుడు ఇట్ల చేయించండి. ముందు బ్యాగ్ చెక్ చెయ్యమనండి. మాస్క్‌ని అరచేతికి ఆనించి నొక్కితే ప్రెషర్ తగలాలె, ఇంకా గట్టిగ నొక్కితే పాప్ ఆఫ్ వాల్వ్ చప్పుడు చేసి తెరుచుకోవాలె, వదిలితే బ్యాగ్ వెంటనే ఉబ్బాలె. ఇది ప్రతి డ్యూటీ మొదట్ల చేసే పని, బిడ్డ పుట్టినంక చేసేది కాదు. తర్వాత తల పొజిషన్, ముక్కు పైకి చూసినట్టు కొంచెం మాత్రమే ఎత్తాలె, మెడ మరీ వెనక్కి వంచినా, గడ్డం ఛాతీకి ఆనినా దారి మూసుకుంటది, భుజాల కింద ఒక ఇంచ్ మందం బట్ట మడత పెడితే సరిగ్గ కుదుర్తది. మాస్క్ గడ్డం కొన నుంచి మొదలుపెట్టి నోరు, ముక్కు మీదికి తేవాలె, కండ్ల మీద పడొద్దు. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ అంచు మీద గుండ్రంగ, మిగిలిన వేళ్లు దవడ ఎముక కింద, మెత్తటి జాగల నొక్కొద్దు. చాలామంది చేసే తప్పు ఏందంటే మాస్క్‌ని ముఖం మీదికి బలంగ అదుముతరు, దాంతోని తల వంగుతది, లీక్ ఇంకా పెరుగుతది. దవడను మాస్క్‌లోకి లేపుకొని రావాలె. ఈ తేడా చెప్తే అర్థం కాదు, వాళ్ల చేతి మీద మీ చెయ్యి పెట్టి చూపించాలె.

బ్రెత్‌లు నిమిషానికి 40 నుంచి 60. నొక్కు, రెండు, మూడు, నొక్కు, రెండు, మూడు అని బయటికి అనమనండి, గట్టిగ. టెన్షన్‌ల అందరూ స్పీడ్ పెంచేస్తరు, 90, 100 కూడా పోతరు, నోటితోని అంటుంటేనే చెయ్యి ఆ లెక్క ప్రకారం ఆగుతది. నొక్కుడు రెండు వేళ్లతోని మొదలుపెట్టి ఛాతీ నెమ్మదిగ లేసేంత, ప్రెషర్ మానోమీటర్ ఉంటే 20 నుంచి 25 సెంటీమీటర్ల నీటి ప్రెషర్. ఎంత ప్రెషర్ అని కాదు, ఛాతీ లేస్తుందా అని చూడమనండి. 35 వారాలు, ఆపైన బిడ్డకు మామూలు గాలితోనే, అంటే 21 శాతంతోని మొదలు. పల్స్ ఆక్సిమీటర్ కుడి చేతికి. మొదటి నిమిషంల శాచురేషన్ 60 నుంచి 65 ఉన్నా అది మామూలే, 5 నిమిషాలకు 80 నుంచి 85 చాలు, పది నిమిషాలకు 85 నుంచి 95, ఈ అంకెలు తెల్వక జూనియర్లు పుట్టిన వెంటనే 95 రావాలని ఆక్సిజన్ పెంచేస్తరు.

15 సెకండ్లకు గుండె పెరుగుతుందా అని అడగాలె. పెరగట్లేదు, ఛాతీ లేవట్లేదు అంటే మిస్టర్ సోపా (MR SOPA, గాలి లోపలికి పోయేటట్టు సరిచేసే స్టెప్పుల గుర్తు) వరుస. మాస్క్ సరిచెయ్యి, తల పొజిషన్ సరిచెయ్యి, ఐదు బ్రెత్‌లు ఇచ్చి చూడు. లేవలేదా, నోరు, ముక్కు సక్షన్ చెయ్యి, నోరు తెరిచి పట్టు, మళ్ల ఐదు. ఇంకా లేవలేదా, ప్రెషర్ కొంచెం కొంచెం పెంచు. అప్పటికీ కాకపోతే ట్యూబో లారింజియల్ మాస్కో. సక్షన్ ఎప్పుడైనా నోరు ముందు, ముక్కు తర్వాత, లోతుకు దింపొద్దు, గొంతు వెనకాల గెలికితే గుండె ఇంకా పడిపోతది. మెకోనియం (బిడ్డ తొలి మలం) ఉన్న బిడ్డ మెత్తగ పుడితే ముందు ట్యూబ్ వేసి సక్ చెయ్యాలని ఇంకా కొందరు సీనియర్లు చెప్తుంటరు, 2015 నుంచి అది రొటీన్‌గ చెయ్యొద్దనే గైడ్‌లైన్. జూనియర్ పిల్లలు ఇద్దరి మధ్యల నలిగిపోకుండ మీ డిపార్ట్‌మెంట్ల అందరూ ఒక్క మాట మీదికి రండి, ఒక్కటే చార్ట్ వార్మర్ పైన అతికించండి, సెషన్ కూడా ఆ చార్ట్ ప్రకారమే నడవాలె.

ఈ స్కిల్ సెషన్ల ఆపి ఆపి చేయించే పద్ధతి బాగ పనిచేస్తది. తప్పు కనపడగానే ఆగు తమ్మీ అని, ఒక్క మాటల ఏం మారాలో చెప్పి, పది సెకండ్లు వెనక్కి పోయి మళ్ల చేయించాలె. మళ్ల, మళ్ల. సరిగ్గ వచ్చేదాక. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు చాలు. లెక్చర్ ఇయ్యకండి, లెక్చర్లు వాళ్లు ఎంబీబీఎస్ అంత విన్నరు. ఎంత సేపట్ల మొదటి ఛాతీ లేసే బ్రెత్ పడిందో గడియారం చూసి చెప్పండి, ఆ ఒక్క అంకె వాళ్లకు నేను చెప్పే పది మాటల కన్నా ఎక్కువ పనిచేస్తది.

పూర్తి సినారియో ఎట్ల నడపాలె

ఒక కాగితం మీద రాసుకోండి, అంతకంటే ఎక్కువ వద్దు. నేను వాడే ఒకటి చెప్తా. తల్లికి ఇరవై రెండేండ్లు, రెండో కాన్పు, 38 వారాలు, దేవరకొండ దిక్కు తండా నుంచి 108ల వచ్చింది, ఉమ్మనీరు చిక్కటి ఆకుపచ్చ, బిడ్డ గుండె పడుతుంది, ఐదు నిమిషాలల్ల డెలివరీ అయితది. ఇంతే చెప్పి ఆగాలె. ఇప్పుడు వాళ్లు నాలుగు ప్రశ్నలు వాళ్లంతట వాళ్లు అడగాలె, నెలలు నిండినయా, ఉమ్మనీరు ఎట్లుంది, వేరే రిస్క్ ఏమన్నా ఉందా, బొడ్డుతాడు విషయంల ప్లాన్ ఏంది. అడగకపోతే మీరు గుర్తు చెయ్యకండి, తర్వాత మాట్లాడుకోవచ్చు. టీం లీడర్ ఎవరో, బ్యాగ్ ఎవరో, గుండె వినేది ఎవరో, టైం రాసేది ఎవరో పుట్టక ముందే పంచుకోవాలె. వార్మర్ ఆన్ చేసినరా, ఏసీ తగ్గించినరా చూడండి. మన నల్గొండల ఎండాకాలం బయట 44 డిగ్రీలు ఉంటది కాబట్టి బిడ్డకు చలి ఏం పెడ్తది అనుకుంటరు, ఓటీల ఏసీ 18 మీద ఉంటది, తడి ఒళ్లుతోని ఉన్న బిడ్డ నిమిషాలల్ల చల్లబడ్తది, కావాల్సింది 36.5 నుంచి 37.5.

బొమ్మను చేతికిచ్చి, బిడ్డ మెత్తగ ఉంది, ఏడుస్తలేదు అనండి. తుడిచి, తడి బట్ట తీసేసి, తల సరిచేసి, అవసరమైతే నోరు ముక్కు క్లియర్ చేసి, వీపు రుద్ది చూస్తరు, ఊపిరి లేదు. మెట్రోనోమ్ 70 మీద పెట్టండి. అరవై సెకండ్లలోపు బ్యాగ్ మొదలుకావాలె. మాస్క్ సరిగ్గ లేకపోతే గుండె పెంచకండి, వాళ్లు సరిచేసుకొని ఛాతీ లేసేటట్టు చేస్తేనే 100 దాటించండి, నిజం బిడ్డ కూడా గట్లనే చేస్తది కదా. మొదటి రెండు మూడు నెలలు సినారియో ఇక్కడికే ఆపెయ్యండి, బిడ్డ ఏడ్సింది అని.

చెయ్యి తిరిగినంక ముందుకు తీస్కపోవచ్చు. ఛాతీ లేసే వెంటిలేషన్ 30 సెకండ్లు ఇచ్చినంక కూడా గుండె 60 కంటే తక్కువే ఉంటే ట్యూబ్ వేసుకొని, ఆక్సిజన్ 100 శాతం చేసి, ఛాతీ నొక్కాలె. రెండు బొటనవేళ్లు ఛాతీ ఎముక కింది మూడో భాగం మీద, ఛాతీ మందంల మూడో వంతు లోతు, మూడు నొక్కులకు ఒక బ్రెత్, నిమిషానికి 90 నొక్కులు 30 బ్రెత్‌లు. ఒకటి, రెండు, మూడు, బ్రెత్ అని నొక్కే మనిషి అనాలె, బ్యాగ్ మనిషి దాని ప్రకారం ఇయ్యాలె, ఇద్దరికీ లయ కుదరాలంటే ఇద్దరితోని కలిపే ప్రాక్టీస్ చేయించాలె. 60 సెకండ్లు నొక్కినంకనే గుండె చూడాలె, మధ్య మధ్యల ఆపొద్దు.

అడ్రినలిన్ దగ్గర జూనియర్లు ఆగిపోతరు, లెక్క తోయదు. ఒక ఎంఎల్ ఆంపూల్‌ని 9 ఎంఎల్ సెలైన్‌తోని కలిపి 10 ఎంఎల్ చెయ్యాలె, అందుల నుంచి కేజీకి 0.2 ఎంఎల్ బొడ్డు నరంల, 3 కేజీల బిడ్డకు 0.6 ఎంఎల్, వెనకాల 3 ఎంఎల్ సెలైన్ ఫ్లష్. ట్యూబ్‌ల ఇయ్యాల్సి వస్తే కేజీకి 1 ఎంఎల్. దీన్ని నోటితోని చెప్పించకండి, నిజంగ నీళ్లతోని కలిపించి, లేబుల్ రాయించి, సిరంజిల గీత చూపించమనండి, సిస్టర్ అది చదివి గట్టిగ చెప్పాలె. బొడ్డు నరంల కాథెటర్ వేసుడు కూడా ఇట్లనే చేతితోనే రావాలె. దానికోసం తల్లి ఒప్పుకుంటే డెలివరీ అయిన తర్వాత మిగిలిన బొడ్డుతాడు ముక్కను తీస్కొని గ్లవ్స్ వేసుకొని ప్రాక్టీస్ చేయించొచ్చు, పెద్దగ, గోడ పల్చగ ఉన్నది నరం, చిన్నగ గట్టిగ ఉన్న రెండు ఆర్టరీలు, ఒక్కసారి కండ్లతోని చూస్తే మర్చిపోరు. అయిపోయినంక పసుపు కవర్ల వెయ్యాలె.

సినారియో నడుస్తున్నంతసేపు మీరు నోరు కట్టుకోవాలె. వాళ్లు అడిగింది మాత్రమే చెప్పండి. చెయ్యి దురద పెడ్తది, అది కాదు ఇది అని అనాలనిపిస్తది, ఆగండి. వాళ్లు తడబడి, ఒకరినొకరు చూసుకొని, మళ్ల వాళ్లే దారి పట్టుకుంటరు చూడండి, నేర్చుకునుడు అక్కడ జరుగుతది.

ఒక మనిషిని తలుపు దగ్గర బిడ్డ నాయనమ్మ లెక్క నిలబెట్టండి. సారూ బిడ్డ ఏడ్సిందా, మొగపిల్లగాడా ఆడపిల్లా, ఎందుకు సప్పుడు లేదు అని అడగాలె ఆమె. టీంల ఒకరు రెండు మాటలు చెప్పి రావాలె, అమ్మా, బిడ్డ ఊపిరి తీస్కోవడానికి కష్టపడుతుంది, మేం ఊపిరి ఇస్తున్నం, పది నిమిషాలల్ల వచ్చి మళ్ల చెప్తా అని. జూనియర్లకు ఇది రాదు, ఎవరూ నేర్పరు, దవాఖానాలల్ల గొడవలు సగం ఈ రెండు మాటలు చెప్పకపోవడం వల్లనే అయితయ్ అని నా నమ్మకం.

అయిపోయినంక మాట్లాడుకునుడు

సినారియో ఐదు నిమిషాలైతే దీనికి పది నిమిషాలు పెట్టాలె, ఇది లేకుంటే చేసిందంత వృథా. మొదలుపెట్టే ముందే ఒక మాట స్పష్టంగ చెప్పండి, ఇక్కడ చేసిన తప్పు ఈ రూం దాటి పోదు, మార్కులు లేవు, హెచ్‌ఓడీకి రిపోర్ట్ లేదు. చెప్పి ఆ మాట నిలబెట్టుకోండి. మన దగ్గర నేర్పడమంటే నలుగురి ముందు తిట్టడమే అనే అలవాటు చానచోట్ల ఇంకా ఉంది, తిట్టు పడ్డ పిల్లగాడు నెక్స్ట్ వారం ప్రాక్టీస్‌కు రాడు, అంతకంటే ఘోరం ఏందంటే నిజం కేస్‌ల బిడ్డ పడిపోతుంటే కూడా సీనియర్‌ని పిలవడానికి భయపడ్తడు. ఆ భయం పిల్లల ప్రాణాల మీదికి వస్తది.

ముందు వాళ్లను మాట్లాడనియ్యండి, ఎట్ల అనిపించింది అని. తర్వాత జరిగింది జరిగినట్టు వరుసగ చెప్పించండి. అప్పుడు ఒక్కటి రెండు పాయింట్లు, అంతే. మీరు చూసింది చెప్పి, కారణం వాళ్లనే అడగండి. ఉదాహరణకు, 40 సెకండ్లు ఛాతీ లేవలేదు, అప్పుడు నీ కన్ను బిడ్డ మీద లేదు మానిటర్ మీద ఉంది, ఏం ఆలోచిస్తున్నవ్ అని. జవాబు వింటే అసలు సంగతి తెలుస్తది, ఎక్కువసార్లు తెలివి లేక కాదు, ప్రోబ్ సిగ్నల్ వస్తలేదని దాని ఎంబడి పడి మాస్క్‌ని వదిలేసి ఉంటరు. సిస్టర్‌ని కూడా అడగండి, మాస్క్ లీక్ అయితుందని మీకు కనపడ్డదా, కనపడితే ఎందుకు చెప్పలే అని. డాక్టర్‌కు నేనెట్ల చెప్తా సార్ అంటది. ఆ మాట ఆ డాక్టర్ ముందే బయటికి వచ్చిందంటే ఆ సెషన్ గెలిచినట్టే, నెక్స్ట్ టైం ఆమె చెప్తది, ఆయన వింటడు.

ఫోన్‌ల వీడియో తీస్తే బాగ ఉపయోగపడ్తది, కాకపోతే అందరినీ అడిగి తియ్యాలె, చూసినంక అక్కడనే డిలీట్ చెయ్యాలె, వాట్సాప్ గ్రూపుల పడొద్దు. నిజమైన తల్లులు, పిల్లలు ఫ్రేంల రావద్దు.

రిజిస్టర్ ఒకటి పెట్టండి, తేదీ, ఎవరెవరు చేసినరు, ఏ స్కిల్, మొదటి మంచి బ్రెత్ ఎన్ని సెకండ్లకు పడ్డది, ఏ సామాను లోపం కనపడ్డది. ఆ చివరి గడి చాన ముఖ్యం, ఎవరు సరిచేస్తరు, ఎప్పటివరకు అని పక్కన రాసి నెక్స్ట్ వారం అదే పేజీ తెరిచి అడగాలె. మూడు నెలల్ల ఒక్కసారి కూడా చెయ్యని పేరు కనపడితే ఆ మనిషిని పిలిచి పక్కన నిలబెట్టి చేయించండి, నైట్ డ్యూటీలల్ల ఎప్పుడూ మిస్ అయ్యేది వాళ్లే, రాత్రి ఒంటరిగ ఉండేది కూడా వాళ్లే.

ఏరియా హాస్పిటల్, పీహెచ్‌సీల ఉన్నవాళ్లు అంత టీం ఎక్కడ తేవాలె అంటరు. మీకు ఇంకా సులువు, ఇద్దరే చాలు. బొమ్మను, బ్యాగ్‌ని లేబర్ రూం టేబుల్ మీదనే కవర్ కప్పి పెట్టండి, డ్యూటీల చేరగానే సిస్టర్ రెండు నిమిషాలు, డాక్టర్ రెండు నిమిషాలు, మాస్క్ పెట్టి ఛాతీ లేపి, గోడ మీద అతికించిన కాగితం మీద టిక్ పెట్టి పోవాలె. మీ దగ్గర సినారియో ఒక్కరే ఉన్నప్పటి లెక్క రాసుకోండి, సహాయం పిలిచే స్టెప్ మొదట పెట్టి, ఎవరికి ఫోన్ చేస్తరు, ఏ నంబర్, గోడ మీద రాసి ఉందా, 108 వచ్చేదాక బిడ్డను వెచ్చగ ఎట్ల ఉంచుతరు అన్నీ కలిపి. రెఫరల్ కూడా సిమ్యులేషన్‌ల భాగమే, ఎస్‌ఎన్‌సీయూకు ఫోన్ చేసి బిడ్డ వయసు, బరువు, ఏం జరిగింది, ఏం చేసినం, ఇప్పుడెట్లుంది అని అర నిమిషంల చెప్పుడు నేర్పించాలె.

కొత్త హౌస్ సర్జన్ల బ్యాచ్ వచ్చినప్పుడు డ్యూటీ రోస్టర్ చేతికిచ్చే ముందే మాస్క్ సెషన్ చేయించండి, మొదటి వారంలనే. పాత బ్యాచ్‌ల బాగ చేసే ఇద్దరిని పట్టుకొని వాళ్లతోనే నేర్పించండి, మీరు వెనకాల నిలబడండి. నేర్పినోళ్లకు ఇంకా గట్టిపడ్తది, కొత్తోళ్లు కూడా సీనియర్ సార్ ముందు అడగని డౌట్లు వీళ్లను అడుగుతరు. బ్యాచ్ పోయేటప్పుడు డబ్బ తాళం చెవి, రిజిస్టర్, సినారియో కాగితాలు ఎవరి చేతికి ఇచ్చినరో రాసి సంతకం తీస్కోండి, చాలాచోట్ల ఈ ప్రోగ్రాం ఆగిపోయేది తాళం చెవి దొరకకనే.